వైరసును చంపుట ఎట్లు?

కోరలు తీసిన పామును చూచి ఎవరును భయపడరు. పాములవాడు దానిని మెడలో వేసికొని వీథి వీథి తిరుగును. పిల్లలు దగ్గరకు పోయి వేడుక చూతురు. కాని ఒక బుట్టలో వేయి పాములున్నవనియు, అన్నిటి కోరలును తీసితినని పాములవాడు చెప్పుచున్నాడనియు అనుకొందము. ఒక్కదాని కోర మిగిలిపోలేదని తెలిసికొనుట ఎట్లు? ఒక్కొక్కదానిని పట్టి నోరు తెరచి చూడవచ్చును. బుట్టలో వేయి కాక కోటానుకోట్లుండి, అవి కంటికే కనబడనంత చిన్నవైనచో ఏమి చేయవలెను? చంపిన వైరసుతో టీకామందు తయారు చేయువారు ఎదుర్కొను ప్రశ్న ఇదియే. ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు సమాధానము కనుగొనిన విధమును, ఒక పర్యాయము ఆ సమాధానము తప్పినప్పుడు జరిగిన ఘోరమును, దానివలన లోకము నేర్చిన పాఠమును ఈ ప్రసంగమున వివరింతును.

మొదట వైరసు అనగా ఏమో చూతము. బాక్టీరియా వంటి సూక్ష్మజీవులు ఆహారము గ్రహించును, పెరుగును, రెండుగా చీలి వృద్ధి పొందును. వైరసు అట్టిది కాదు. తనంతట తానుగా అది ఏ పనియు చేయజాలదు. 1935లో అమెరికా శాస్త్రజ్ఞుడు వెండెల్ స్టాన్లీ పొగాకు మొక్కకు తెగులు పుట్టించు వైరసును స్ఫటికముల రూపమున వేరుపరచెను. ఆ స్ఫటికములను నీటిలో కరగించి ఆకుపై రుద్దగా తెగులు మరల పుట్టినది. ఉప్పువలె, పంచదారవలె సీసాలో నిలువ చేయదగిన పదార్థము, జీవకణము దొరికినంతనే జీవివలె వర్తించుట చూచి శాస్త్రలోకము విస్తుపోయినది. ఈ కృషికి స్టాన్లీ 1946లో రసాయన శాస్త్రమునందు నోబెల్ బహుమతిని ఇతరులతో పంచుకొనెను. ఇట్టి పదార్థము విషయమున చావు, బ్రతుకు అను మాటలు పూర్తిగా అతుకవు. కావుననే శాస్త్రజ్ఞులు వైరసును చంపుట అనక నిర్వీర్యము చేయుట అందురు. జీవకణములో ప్రవేశించి వృద్ధి పొందు శక్తి పోయినచో వైరసు నిర్వీర్యమైనట్లు.

ఇక పోలియో వైరసును ఉదాహరణగా గ్రహింతము. దాని కణములను 33 వేలు వరుసగా పేర్చినచో ఒక మిల్లీమీటరు పొడవగును. దానికి రెండే భాగములు. వెలుపల ప్రోటీనులతో కట్టిన పెంకు, లోపల ఆర్.ఎన్.ఏ. అను సన్నని పోగు. పెంకులో నాలుగు విధముల ప్రోటీనులు, ఒక్కొక్కటి 60 చొప్పున, ఇటుకలు పేర్చినట్లు అమరియుండును. లోపలి పోగులో సుమారు 7,500 అక్షరముల లేఖ ఉన్నది. వైరసును మరల మరల ఎట్లు తయారు చేయవలెనో ఆ లేఖలో వ్రాసియుండును. పెంకు ఆ లేఖను కాపాడును. మన శరీరములోని కణమును పట్టుకొని తలుపు తెరచునదియు పెంకే. మన శరీరము శత్రువును గుర్తించునది కూడ ఆ పెంకును చూచియే.

టీకామందు చేయువారి చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది. లోపలి లేఖ చెడవలెను. వెలుపలి పెంకు ఆకారము చెడరాదు. లేఖ చెడనిచో బిడ్డకు వ్యాధి వచ్చును. పెంకు చెడినచో శరీరము తప్పుడు ఆనవాలు నేర్చుకొనును. నిజమైన వైరసు వచ్చినప్పుడు దానిని పోల్చుకొనలేదు.

వైరసును నిర్వీర్యము చేయు సాధనములు అనేకములు. వేడి, అతినీలలోహిత కిరణములు, క్లోరిన్ మొదలగు రసాయనములు వానిలో ముఖ్యమైనవి. అయితే అన్ని వైరసులును ఒక్కరీతిగా లొంగవు. ఇన్‌ఫ్లుయెంజా, కరోనా వంటి వైరసులకు పెంకుపై కొవ్వుతో కూడిన పొర ఒకటి ఉండును. సబ్బు ఆ పొరను కరగించును. పొర కరగినంతనే వైరసు పని ముగియును. పోలియో వైరసుకు అట్టి పొర లేదు. కావున సబ్బు దానిని చీల్చజాలదు. చేతులు కడుగుకొన్నప్పుడు నీటితో కొట్టుకొని పోవుటయే దాని వలని మేలు. కడుపులోని ఆమ్లమును కూడ అది తట్టుకొని ప్రేవులకు చేరును. మురుగునీటిలో వారముల తరబడి నిలువగలదు. ఇంతటి మొండి వైరసును చంపవలెనన్నచో సాధనమును జాగ్రత్తగా ఎన్నుకొనవలసియున్నది.

వేడి చాలదా యని అడుగవచ్చును. చంపుటకైతే చాలును. 56 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కొంతసేపు ఉంచినచో పోలియో వైరసు నిర్వీర్యమగును. కాని ఉడికిన గ్రుడ్డు పచ్చిగ్రుడ్డు కానట్లే, వేడి తగిలిన పెంకు మునుపటి పెంకు కాదు. దాని అమరిక మారిపోవును. మారిన పెంకును చూచి శరీరము తయారు చేయు ప్రతిరక్షకములు బ్రతికిన వైరసును అడ్డగింపలేవు. వంకరపోయిన తాళమును చూచి చేసిన చెవి మంచి తాళమునకు పట్టదు గదా! కావున వేడి చంపును గాని టీకామందుకు పనికిరాదు.

ఇందుకు తగిన సాధనము ఫార్మలిన్. కళాశాలలలో కప్పలను, పాములను సీసాలలో చెడకుండ నిలువ చేయుటకు వాడు ద్రవమే ఇది. పలుచని ఫార్మలిన్ పెంకును దాటి లోపలికి పోయి లేఖలోని అక్షరములకు అంటుకొనును. అక్షరములు అతుకుకొనిపోయిన లేఖను కణము చదువలేదు. పెంకు మాత్రము చాల వరకు మునుపటివలెనే నిలుచును.

1949లో ఎండర్స్, వెల్లర్, రాబిన్స్ అను ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులు పోలియో వైరసును నాడీకణములలో గాక ఇతర కణజాలములలో పెంచవచ్చునని నిరూపించిరి. 1954లో వారికి నోబెల్ బహుమతి లభించెను. దీనితో వైరసును విరివిగా పెంచుటకు మార్గమేర్పడినది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయములో జోనాస్ సాల్క్ అను శాస్త్రజ్ఞుడు కోతి మూత్రపిండముల కణములలో వైరసును పెంచి, వడపోసి, నాలుగు వేల పాళ్ళ ద్రవమునకు ఒక పాలు ఫార్మలిన్ చేర్చి, ఇంచుమించు శరీరపు వేడిలో కొన్ని దినములు ఉంచెను. ఎన్ని దినములుంచవలెను? తక్కువైనచో బ్రతికిన వైరసు మిగులును. మితిమీరినచో పెంకు కూడ చెడును. దీనిని నిర్ణయించుటకు సాల్క్ ఒక లెక్కను ఆధారముగా గ్రహించెను.

ఆ లెక్క ఇట్టిది. ఒక మిల్లీలీటరు ద్రవములో 1 కోటి వైరసు కణములున్నవనుకొందము. దినమునకు పదింట తొమ్మిది వంతులు చచ్చుననుకొందము. మొదటి దినము ముగియునప్పటికి 10 లక్షలు మిగులును. రెండవ దినమునకు 1 లక్ష. ఏడవ దినమునకు ఒక్కటి. ఎనిమిదవ దినమున ఏమగును? సున్నా యని మనకు తోచును. కాని అది సరికాదు. పది మిల్లీలీటర్లకు ఒక్కటి చొప్పున మిగులును. పదవ దినమునకు లీటరునకు ఒక్కటి. పండ్రెండవ దినమునకు నూరు లీటర్లకు ఒక్కటి. మిగిలిన అప్పులో ప్రతిదినము తొమ్మిది వంతులు తీర్చువానికి అప్పు పూర్తిగా తీరు దినము ఎన్నటికిని రాదు. మిగిలినది లెక్కకు రానంత చిన్నదగును, అంతియే. వైరసు చావు కూడ అట్టిదే. సాల్క్ తాను కొలువగలిగినంతవరకు రేఖాపటముపై గుర్తులు వేయగా అవి ఒక సరళరేఖగా దిగినవి. కొలుచుటకు వీలుకాని తావునకు ఆ రేఖనే పొడిగించి, ఇన్ని దినములుంచినచో కోట్ల మోతాదులలో ఒక్క బ్రతికిన కణమును ఉండదని నిర్ణయించెను.

1954లో అమెరికాలో ఈ టీకామందును మహాపరీక్షకు పెట్టిరి. సుమారు 18 లక్షల మంది పిల్లలు అందు పాల్గొనిరి. మిషిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన థామస్ ఫ్రాన్సిస్ ఆ ఫలితములను 1955 ఏప్రిల్ 12వ తేదీన ప్రకటించెను. మందు క్షేమకరమనియు, ఫలవంతమనియు తేలినది. దేశమంతట గంటలు మ్రోగినవి. తల్లులు ఆనందబాష్పములు విడిచిరి. ఆ దినముననే ప్రభుత్వము తయారీ సంస్థలకు అనుమతి నిచ్చినది.

పదిహేను దినములైనను ఈ సంతోషము నిలువలేదు. కాలిఫోర్నియా రాష్ట్రములో టీకా పొందిన కొందరు పిల్లలకు పక్షవాతము కలిగినదని వార్త వచ్చినది. సాధారణముగా పోలియో కాళ్ళను ఎక్కువగా పట్టును. ఈ పిల్లలలో అనేకులకు సూది పొడిచిన చేతినే పట్టినది. అందరికిని వేసిన మందు బర్క్లీ నగరములోని కట్టర్ ప్రయోగశాలలలో తయారైనది. ఏప్రిల్ 27వ తేదీన ఆ మందును ఉపసంహరించిరి. కాని అప్పటికే జరుగవలసినది జరిగిపోయినది. టీకా పొందిన పిల్లలలో సుమారు 40 వేల మందికి స్వల్పమైన పోలియో సోకినది. పిల్లలలోను, వారివలన వ్యాధి అంటిన ఇంటివారిలోను, ఇరుగుపొరుగువారిలోను కలిపి సుమారు 200 మందికి అవయవములు చచ్చుపడినవి. 10 మంది మరణించిరి. బిడ్డను కాపాడుకొందమని తల్లిదండ్రులు వరుసలో నిలిచి వేయించిన మందులోనే బ్రతికిన వైరసు ఉండెను.

సాల్క్ లెక్క తప్పెనా? లెక్క తప్పలేదు, లెక్కకు ఆధారమైన ఒక ఊహ తప్పినది. కణములన్నియు విడివిడిగా ద్రవములో తేలుచు ఒక్కరీతిగా ఫార్మలిన్‌కు దొరకును అనునది ఆ ఊహ. వాస్తవమున వడపోత సరిగా లేనిచో కోతి కణముల తునకలు ద్రవములో మిగులును. వడపోసిన ద్రవమును నిలువ ఉంచినచో వైరసు కణములు ఒకదానికొకటి అంటుకొని ముద్దలు కట్టును. ముద్ద నడుమ చిక్కిన కణమునకు ఫార్మలిన్ సులభముగా అందదు. పప్పు మెత్తగా ఉడికినను అందులోని ఉండ నడుమ పిండి పచ్చిగా మిగులుట మన యిండ్లలో ఎరుగనిది కాదు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు స్వెన్ గార్డ్ చేసిన పరిశోధనలలో ఈ సంగతి స్పష్టమైనది. వైరసు చావు రేఖ మొదట నిటారుగా దిగినను, చివరకు వచ్చునప్పటికి వంగి తోకవలె సాగును. ఆ తోకలోని కొద్దిపాటి కణములే పిల్లలకు పక్షవాతము తెచ్చినవి.

మరి అమ్మకమునకు ముందు పరీక్షింపలేదా? పరీక్షించిరి. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మనము అందుము. ఈ సామెత వైరసు విషయమున పనికిరాదు. 200 లీటర్ల తొట్టిలో లీటరునకు ఒక్కటి చొప్పున 200 బ్రతికిన కణములున్నవనుకొందము. పరీక్షకు అర లీటరు తీసినచో, నూరు పర్యాయములలో 60 పర్యాయములు ఆ అర లీటరులో ఒక్క కణమును ఉండదు. తొట్టి నిర్దోషమని పరీక్షలో తేలును. కాని ఆ తొట్టి మందును మోతాదునకు ఒక మిల్లీలీటరు చొప్పున రెండు లక్షల మందికి వేసినప్పుడు, 200 మంది పిల్లలు ఆ కణములను అందుకొందురు. తొట్టిని పరీక్షించినది అర లీటరు గాజు పాత్ర కాదు, ఆ పిల్లలే అన్నమాట.

దీనికి తోడు పద్ధతిలో కూడ లోపము జరిగినది. 1954 నాటి మహాపరీక్షకు మందు నిచ్చిన సంస్థలు వరుసగా 11 తొట్లు బ్రతికిన వైరసు లేకుండ తయారు చేసి చూపవలెనను నియమముండెను. 1955లో అనుమతి ఇచ్చునప్పుడు ఈ నియమమును విడిచిరి. కట్టర్ సంస్థవారు పరీక్షలో తప్పిన తొట్లను పారబోసి, గెలిచినవానిని పంపిరి. ఎన్ని తప్పినవో పైవారికి తెలియలేదు. పది తొట్లలో మూడు తప్పినచో, గెలిచిన ఏడింటిని గూర్చియు అనుమానింపవలెను గదా! ఆ అనుమానము కలుగవలసినవారికి ఆ వార్తయే చేరలేదు. 1958లో న్యాయస్థానమున జూరీవారు ఆ సంస్థ అజాగ్రత్తగా ప్రవర్తింపలేదని చెప్పుచునే, అమ్మిన మందు క్షేమకరమను హామీ తప్పినందున నష్టపరిహారము చెల్లింపవలెనని తీర్పు చెప్పిరి.

ఈ విపత్తు తరువాత నియమములు కఠినమైనవి. ఫార్మలిన్‌లో ఉంచిన కాలములో నడుమ మరియొకసారి వడపోసి ముద్దలను తొలగించుట, పరీక్షకు పెద్ద నమూనాలను తీయుట, తొట్లన్నిటి ఫలితములను వరుసగా చూచుట ఆచారములోనికి వచ్చినవి. దిద్దుకొనిన పద్ధతితో తయారైన మందు తన పని చేసినది. 1952లో అమెరికాలో సుమారు 58 వేల మందికి పోలియో రాగా, 1957లో ఆ సంఖ్య 5,500కు తగ్గినది.

వైరసును పూర్తిగా చంపుట ఎంత కష్టమో, బ్రతికించి ఉంచుట కూడ అంత కష్టమే. నోటిలో వేయు పోలియో చుక్కలలో ఉండునది చచ్చిన వైరసు కాదు. బలము తగ్గించిన బ్రతికిన వైరసు. మన ఎండలలో అది రెండు మూడు దినములైనను నిలువజాలదు. మెగ్నీషియం క్లోరైడ్ అను లవణమును చేర్చినచో పోలియో పెంకు వేడికి ఎక్కువగా తట్టుకొనునని వాలిస్, మెల్నిక్ అను శాస్త్రజ్ఞులు 1960 దశాబ్ది ఆరంభమున కనుగొనిరి. అయినను మంచు తోడు తప్పదు. మశూచి టీకామందు చరిత్ర ఇంతకంటె శుభకరమైనది. ద్రవరూపమున నున్నప్పుడు అది ఎండలో త్వరలోనే నిస్సారమగుచుండెను. 1950 దశాబ్దిలో ఇంగ్లండులోని లిస్టర్ సంస్థకు చెందిన లెస్లీ కోలియర్ దానికి పెప్టోన్ చేర్చి, గడ్డకట్టించి, శూన్యములో తడి లాగివేసి పొడిగా చేయు పద్ధతిని స్థిరపరచెను. 37 డిగ్రీల వేడిలో నాలుగు వారములుంచినను ఆ పొడి శక్తి నిలుచుచుండెను. మంచుపెట్టె లేని పల్లెలకు కూడ టీకా చేరుట ఇట్లు సాధ్యమైనది. 1975లో మన దేశములోను, 1977లో ప్రపంచమంతటను మశూచి అంతరించినది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ విజయమును ప్రకటించినది.

ఇందొక వింత కలదు. బ్రతికిన పోలియో వైరసు గల చుక్కల మందు గడ్డకట్టినను చెడదు, వేడికి చెడును. చంపిన వైరసు గల సూదిమందు వేడికిని చెడును, గడ్డకట్టినను చెడును. దానిలో కాపాడవలసినది ప్రాణము కాదు, ఆకారము. గడ్డకట్టుటచే పెంకు ఆకారము మారును. అందుచేతనే దానిని 2 డిగ్రీలకు తగ్గకుండ, 8 డిగ్రీలకు మించకుండ ఉంచుదురు.

చంపిన వైరసు అవసరమేమో హైదరాబాదు ప్రజలు 2016లో ప్రత్యక్షముగా చూచిరి. మన దేశములో సహజమైన పోలియో వైరసు వలన కలిగిన చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాలులో నమోదైనది. 2014 మార్చిలో మన ప్రాంతము పోలియో రహితమని ధ్రువపత్రము లభించినది. కాని చుక్కలలోని బలహీన వైరసు అరుదుగా మనుష్యుల ప్రేవులలో మారి మరల బలము పుంజుకొనవచ్చును. 2016లో హైదరాబాదు మురుగునీటిలో అట్లు మారిన రెండవ రకపు వైరసు కనబడినది. ఎవరికిని పక్షవాతము కలుగలేదు. అయినను ఆలస్యము చేయక జూన్ నెలలో హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో సుమారు మూడు లక్షల మంది పిల్లలకు చంపిన వైరసు టీకాను, పూర్తి మోతాదులో ఐదవ వంతు చొప్పున, చర్మములోనికి వేసిరి. బ్రతికిన దానివలె చచ్చిన వైరసు మారజాలదు. అదే దాని గొప్ప గుణము. తరువాత ఐదేండ్లకు, 2021 జనవరిలో, అదే హైదరాబాదులో తయారైన కోవాక్సిన్‌కు అత్యవసర వినియోగమునకై అనుమతి లభించినది. అదియు నిర్వీర్యము చేసిన వైరసే. దానిలో ఫార్మలిన్‌కు బదులు బీటా ప్రొపియోలాక్టోన్ అను రసాయనమును వాడిరి. సాధనము మారినను నియమము మారలేదు. లేఖ చెడవలెను, పెంకు నిలువవలెను, చివరి కణము వరకు లెక్క చెప్పవలెను.

గృహస్థులు ఇందు చేయదగినదియు కొంత కలదు. పోలియో చుక్కల సీసాపై ఒక చిన్న వృత్తము, దాని నడుమ ఒక చతురస్రము ముద్రించియుండును. ఈ గుర్తు 1996 నుండి వాడుకలోనున్నది. నడిమి చతురస్రము వెలుపలి వృత్తముకంటె లేత రంగున ఉన్నంతవరకు మందు వేడికి చెడలేదని తెలియవలెను. రెండును ఒకే రంగుననున్నను, చతురస్రము ఇంకను ముదిరినను ఆ సీసాను వాడరాదు. బిడ్డను ఎత్తుకొని టీకా కేంద్రమునకు పోయిన తల్లి ఆ గుర్తు చూపుమని అడిగినచో ఆరోగ్య కార్యకర్త తప్పు పట్టదు, సంతోషముతో చూపును. 1955లో కాలిఫోర్నియాలోని తల్లిదండ్రులకు మందును పోల్చుకొనుటకు ఏ గుర్తును లేకుండెను. వారి బిడ్డల కష్టము వలన ఏర్పడిన కట్టుబాట్లే నేడు మన బిడ్డల టీకాకు కాపుగా నున్నవి.